తెలియకపోవడానికీ లేకపోవడానికీ మధ్య: తన నమ్మకాల గురించి తానే ఆలోచించే ప్రోగ్రాముకు ఏ తర్కం కావాలి?

మీ ప్రశ్నను ముందు నాకు అర్థమైన విధంగా చెబుతాను, పొరపాటు ఉంటే సరిదిద్దండి. మీరు అనంతపురంలో ఇంజనీరింగ్ చివరి సంవత్సరం చదువుతున్నారు. వేరుశనగకు వచ్చే తెగుళ్ళ గురించి రైతుకు సలహా చెప్పే ప్రోగ్రాము రాస్తున్నారు. అందులో రెండు నియమాల దగ్గర మీకూ మీ ప్రాజెక్టు గైడుకూ మాట కలవడం లేదు. మొదటిది: ‘ఏ తెగులూ ఉన్నట్టు తెలియకపోతే పైరు ఆరోగ్యంగా ఉన్నట్టే’. ఇది తర్కం కాదు, ఉత్త ఊహ అని గైడు కొట్టేశారు. రెండోది: ‘ప్రోగ్రాము దేన్నయినా నమ్మితే అది నిజం’. ఇది లేకపోతే ప్రోగ్రాముకు తన మీద తనకే నమ్మకం లేనట్టవుతుందని మీ వాదన. తన నమ్మకాల గురించి తానే ఆలోచించే యంత్రాల కోసం ప్రత్యేకమైన తర్కాలు ఉన్నాయని విని, అవి ఇక్కడ పనికొస్తాయా అని అడిగారు.

పనికొస్తాయి. మొదటి నియమం నిలబడుతుంది, అయితే దాని అడుగున ఒక షరతు దాగి ఉంది. దాన్ని బయటికి తీసి రాయాలి. రెండో నియమాన్ని మాత్రం తీసేయండి. తెలియకపోవడాన్ని, తగిన షరతు ఉన్నప్పుడు, ఆధారంగా తీసుకోవచ్చు. నమ్మడాన్ని ఆ నమ్మకానికే ఆధారంగా తీసుకోకూడదు. నేను చెప్పబోయేదంతా ఈ తేడా గురించే.

ఈ విషయం నాకు పుస్తకంలో కన్నా ముందు పొలంలో ఎదురైంది. ఈ ఊళ్ళో చాలా ఏళ్ళు కంప్యూటర్ పాఠాలు చెప్పాను. తొంభైల చివర ఇద్దరు విద్యార్థులతో కలిసి మీరు చేస్తున్నటువంటి ప్రోగ్రామే రాశాను. ఆకుమచ్చ తెగులు, మొవ్వుకుళ్ళు, వేరుకుళ్ళు, ఇలా మాకు తెలిసినవన్నీ అందులో పెట్టాం. 2000 సంవత్సరం ఖరీఫ్‌లో అప్పటి అనంతపురం జిల్లాలో వేరుశనగ మీద ఒక కొత్త తెగులు విరుచుకుపడింది. లేత ఆకులు మాడి, కాండం నల్లబడి, మొక్క నిలువునా చచ్చిపోయింది. సుమారు 2,25,000 హెక్టార్లలో పైరు దెబ్బతిన్నది. నష్టం 300 కోట్ల రూపాయలు దాటిందని శాస్త్రవేత్తలు అంచనా వేశారు. అది టొబాకో స్ట్రీక్ వైరస్ వల్ల వచ్చే కాండం కుళ్ళు అని తర్వాత తేలింది. గట్ల మీద పెరిగే వయ్యారిభామ పుప్పొడిలో ఆ వైరస్ ఉంటుంది, తామర పురుగులు ఆ పుప్పొడిని పైరు మీదికి చేరుస్తాయి.

మా ప్రోగ్రాముకు ఆ తెగులు పేరే తెలియదు. లక్షణాలు చెబితే అది మిగిలినవన్నీ ఒక్కొక్కటిగా కొట్టేసి, పోలికలున్న మొవ్వుకుళ్ళు దగ్గర ఆగి, అదే అని గట్టిగా చెప్పింది. సందేహం ఉన్నట్టు ఒక్క మాట కూడా అనలేదు. ఆ జవాబు కాగితం మీద చూసిన రోజు నాకు నిద్ర పట్టలేదు. ప్రోగ్రాములో లెక్క తప్పు ఏదీ లేదు. ‘తెగుళ్ళన్నీ నాకు తెలుసు’ అనే వాక్యం మేము ఎక్కడా రాయలేదు. అయినా ప్రతి నియమమూ దాని మీదే నిలబడి ఉంది. రాయని వాక్యాన్ని ఎవరూ ప్రశ్నించలేరు, మేమూ ప్రశ్నించలేదు.

ఇప్పుడు తర్కం సంగతి. బడిలో నేర్చుకునే తర్కానికి ఒక గుణం ఉంది: కొత్త విషయం తెలిస్తే నిర్ణయాలు పెరుగుతాయే తప్ప తగ్గవు. ఒకసారి నిరూపించినది నిరూపించినట్టే. తెలియకపోవడం మీద ఆధారపడిన నిర్ణయానికి ఆ గుణం ఉండదు. నిన్న తెలియదు కాబట్టి ‘లేదు’ అన్నాను, ఈ రోజు తెలిసింది కాబట్టి ఆ మాట వెనక్కి తీసుకోవాలి. ఇలా వెనక్కి తీసుకునే వీలున్న తర్కాలను నాన్‌మోనోటానిక్ లాజిక్‌లు అంటారు. 1980లో ‘ఆర్టిఫిషియల్ ఇంటెలిజెన్స్’ పత్రిక ఒక సంచికను పూర్తిగా వీటికే ఇచ్చింది. జాన్ మెకార్తీ, రేమండ్ రైటర్, డ్రూ మెక్‌డెర్మాట్, జాన్ డోయల్ ప్రతిపాదించిన మూడు దారులూ అందులోనే వచ్చాయి. మెక్‌డెర్మాట్, డోయల్ చూపిన దారిలోని లోపాన్ని పట్టుకుని రాబర్ట్ మూర్ 1985లో అదే పత్రికలో రాసిన వ్యాసం మీకు అసలు కావలసినది. ఆయన ప్రతిపాదించిన దానికి ఆటోఎపిస్టమిక్ లాజిక్ అని పేరు. నేను క్లాసులో స్వవిశ్వాస తర్కం అని చెప్పేవాడిని, ఇక్కడా అలాగే అంటాను.

మూర్ ఇచ్చిన ఉదాహరణ చాలా చిన్నది. నాకు అన్న ఉన్నాడా? లేడు. ఎలా తెలుసు? ఎవరూ వచ్చి ‘నీకు అన్న లేడు’ అని చెప్పలేదు. ఉండి ఉంటే నాకు తప్పకుండా తెలిసేది, తెలియదు కాబట్టి లేడు. ఇందులో ఊహ ఎక్కడుంది? ‘పక్షులు సాధారణంగా ఎగురుతాయి, ఇది పక్షి, కాబట్టి ఎగురుతుందేమో’ అనే వాదంతో దీన్ని కలపకూడదని ఆయన పట్టుబట్టారు. పక్షి వాదంలో నిర్ణయం మొదటి నుంచీ తాత్కాలికం. అన్న వాదంలో నిర్ణయం తాత్కాలికం కాదు: ‘ఉంటే నాకు తెలిసేది’ అన్నది నిజమైతే, నాకు తెలియని మాటా నిజమైతే, అన్న లేకపోవడం తప్పనిసరి. ఆ తర్వాత అన్న ఉన్నాడని బయటపడితే, విరిగింది వాదం కాదు. నాకు అన్నీ తెలుసన్న ఆ మొదటి వాక్యం విరిగింది.

మీ గైడు ‘ఇది ఊహ’ అన్నప్పుడు వారి మనసులో ఉన్నది పక్షి వాదం. మీరు రాయాలనుకున్నది అన్న వాదం. ఇద్దరూ రెండు వేర్వేరు విషయాల గురించి మాట్లాడుతున్నారు.

మరి కొత్త సంగతి తెలిస్తే నిర్ణయం ఎందుకు మారుతుంది? ‘నేను’, ‘ఇప్పుడు’ అనే మాటల అర్థం పలికే మనిషిని బట్టి, పలికే వేళను బట్టి మారినట్టే, ‘నాకు తెలిసినంతలో’ అనే మాట అర్థం కూడా నా దగ్గరున్న సమాచారాన్ని బట్టి మారుతుంది. నిన్నటి ‘నాకు తెలియదు’ నిన్నటి నన్ను గురించిన నిజం. అందుకే నిన్న దాన్ని వాడుకోవడం తప్పు కాదు, ఈ రోజు వదిలేయడమూ తప్పు కాదు. దీన్ని స్పష్టంగా పట్టుకోవడమే మూర్ చేసిన పెద్ద పని అని నా అభిప్రాయం.

ఈ వాదాన్ని మన దర్శనకారులు ఎప్పుడో చర్చించారు. నేల మీద కుండ లేదని ఎలా తెలుస్తుంది? మీమాంసకుడైన కుమారిల భట్టు అనుయాయులు, అద్వైతులు దీనికోసం అనుపలబ్ధి అనే ప్రత్యేక ప్రమాణాన్ని, అంటే జ్ఞానం కలిగించే సాధనాన్ని, ఒప్పుకున్నారు. కనబడకపోవడమే లేకపోవడాన్ని తెలుపుతుంది. నైయాయికులు, అంటే న్యాయ దర్శనం వారు, దాన్ని వేరే ప్రమాణంగా అంగీకరించలేదు, ప్రత్యక్షానికి అది సహకరిస్తుంది అంతే అన్నారు. వారి తగవు అటుంచండి. రెండు పక్షాలూ ఒప్పుకున్న షరతు మనకు ముఖ్యం: కనబడటానికి యోగ్యమైన వస్తువు కనబడకపోతేనే అది లేదని తేలుతుంది. వెలుతురున్న గదిలో కుండ కనబడకపోతే కుండ లేదు. చీకటి గదిలో కనబడకపోతే ఏమీ తేలదు. దయ్యం కనబడలేదు కాబట్టి దయ్యం లేదని కూడా ఈ దారిలో చెప్పలేం, ఎందుకంటే ఉన్నా అది కంటికి కనబడే వస్తువు కాదని ఎదుటివాడు అంటాడు. ఈ యోగ్యతే మూర్ రాసిన ‘ఉంటే నాకు తెలిసేది’.

మన జిల్లాలోనే దీనికి మంచి ఉదాహరణ ఉంది. తొలకరి వానలు పడగానే వజ్రకరూరు చుట్టుపక్కల, అటు కర్నూలు జిల్లా జొన్నగిరి, తుగ్గలి వైపు జనం పొలాల్లో వంగి వజ్రాల కోసం వెతుకుతారు. రోజంతా వెతికి దొరకని మనిషి ‘ఈ చేనులో వజ్రం లేదు’ అనగలడా? అనలేడు. వజ్రం ఉంటే తప్పకుండా కంటబడుతుందనే హామీ లేదు కదా. అదే మనిషి ఇంటికి వెళ్ళి ‘జేబులో బస్సు చార్జీ లేదు’ అంటే ఒప్పుకోవలసిందే. జేబు తిరగేసి చూశాడు. మీ ప్రోగ్రాములో ప్రతి ‘తెలియదు’ దగ్గరా ఈ ప్రశ్న వేసుకోండి: ఇది జేబా, వజ్రాల చేనా?

ఇప్పుడు దీన్ని రాతలో పెడదాం. ఒక వాక్యాన్ని ‘ప’ అందాం. ‘ప్రోగ్రాము ప ను నమ్ముతోంది’ అనడానికి న(ప) అని రాద్దాం. ¬ అంటే కాదు, → అంటే అయితే. అన్న వాదంలోని షరతు ఇది:

ప → న(ప)

దీన్నే తిప్పి రాస్తే:

¬న(ప) → ¬ప

ప్రోగ్రాముకు కొన్ని మూల వాక్యాలు ఇచ్చాం అనుకోండి. వాటి నుంచి అది చివరికి నమ్మవలసిన వాక్యాల సమితి ఏది? మూర్ ఇచ్చిన జవాబు: ఆ సమితిలో మూల వాక్యాలు ఉండాలి. సమితిలో ఉన్న ప్రతి ప కూ ‘న(ప)’ చేరాలి, సమితిలో లేని ప్రతి ప కూ ‘¬న(ప)’ చేరాలి. వీటన్నిటి నుంచి మామూలు తర్కంతో వచ్చేవన్నీ ఆ సమితిలోనే ఉండాలి, అంతకు మించి ఏదీ ఉండకూడదు. అలాంటి సమితిని స్థిర విస్తరణ అంటారు. ఇది తన చుట్టూ తానే తిరుగుతోంది, గమనించండి: సమితి ఏదో తెలియాలంటే సమితిలో ఏది లేదో ముందే తెలియాలి. అందుకే దీన్ని మెట్టు మెట్టుగా కట్టుకుంటూ పోలేం. ఒక సమితిని ఊహించి, అది తనను తాను సరిగ్గా తిరిగి ఇస్తుందో లేదో పరీక్షించాలి.

ఈ పరీక్షలో జరిగే వింతలు కాగితం మీద స్వయంగా చేసి చూస్తే తప్ప ఒంటబట్టవు. మూడు చెబుతాను.

మూల వాక్యం ఒక్కటే, ¬న(ప) → ప అనుకోండి. ‘వాన పడుతుందని నేను నమ్మకపోతే వాన పడుతుంది.’ నమ్మకపోతే వాన పడుతుందని తేలుతుంది, అంటే నమ్మవలసి వస్తుంది. సరే, నమ్ముదామా అంటే నమ్మడానికి ఆధారం మిగలదు. దీనికి స్థిర విస్తరణే లేదు. ఇలాంటి నియమం ఒక్కటి పొరపాటున దూరినా ప్రోగ్రాము మొత్తం మూగబోతుంది. పెద్ద ప్రోగ్రాముల్లో ఇది ఒక్క నియమంలో కాక నాలుగైదు నియమాల గొలుసుగా దాగి ఉంటుంది. ‘లేదు’ అనే మాట గుండ్రంగా తిరిగి తన దగ్గరికే వచ్చే గొలుసుల కోసం ముందు వెతకండి.

రెండోది మీ తెగుళ్ళకు నేరుగా సంబంధించినది. ‘మొవ్వుకుళ్ళు అని నమ్మకపోతే కాండం కుళ్ళు’, ‘కాండం కుళ్ళు అని నమ్మకపోతే మొవ్వుకుళ్ళు’. దీనికి రెండు స్థిర విస్తరణలు ఉన్నాయి. ఒకదానిలో మొవ్వుకుళ్ళు, రెండోదానిలో కాండం కుళ్ళు. రెండూ తప్పు లేనివే. మా పాత ప్రోగ్రాము వీటిలో ముందుగా తగిలినదాన్ని చెప్పి ఊరుకునే రకం. రెండు విస్తరణలు వచ్చాయంటే తర్కం చేతకానిదని అనుకోకండి. ‘నా దగ్గరున్న సమాచారం ఇక్కడికే తీసుకొస్తుంది, ఇంకో ప్రశ్న అడుగు’ అని ప్రోగ్రాము మీకు చెబుతోంది.

మూడోది మీ రెండో నియమం. న(ప) → ప. ‘నేను నమ్మితే అది నిజం.’ మూల వాక్యంగా ఇది ఒక్కటే ఇస్తే స్థిర విస్తరణలు రెండు వస్తాయి. ఒకదానిలో ప లేదు, అది సహజం. రెండోదానిలో ప ఉంది. ఎలా వచ్చింది? ప సమితిలో ఉందనుకుంటే న(ప) చేరుతుంది, న(ప) ఉంది కాబట్టి మీ నియమం ప ను ఇస్తుంది, అనుకున్నది సరిపోయింది. బయటి నుంచి ఆధారం గోరంత కూడా లేదు. నమ్మాను కాబట్టి నిజం, నిజం కాబట్టి నమ్మాను. మీ ప్రోగ్రాములో ‘ప’ స్థానంలో ‘పైరు ఆరోగ్యంగా ఉంది’ పెట్టి చూడండి. రైతు ఒక్క ఆకు కూడా చూపించకముందే అది ఆ మాట నమ్మడానికి అనుమతి దొరికింది.

మీ అభ్యంతరం నాకు వినబడుతోంది: అయితే ప్రోగ్రాము తన నమ్మకాలను నిజమని అనుకోకూడదా? అనుకుంటుంది. మీ నియమం లేకుండానే అనుకుంటుంది. ఏ స్థిర విస్తరణనైనా తీసుకోండి. అందులో ప ఉంటే, ‘న(ప) → ప’ అన్న వాక్యం ప ఉండటం వల్ల దానంతటదే వస్తుంది. ప లేకపోతే ¬న(ప) ఉంటుంది, అప్పుడూ ఆ వాక్యం దానంతటదే వస్తుంది. అంటే మీరు కోరుకున్న ఆత్మవిశ్వాసం ఫలితంగా ఎప్పుడూ ఉంటుంది. దాన్ని మూల వాక్యంగా పెట్టినప్పుడే నమ్మకం తన కాళ్ళ కింద తానే నేల వేసుకోవడం మొదలవుతుంది. ఫలితంగా వచ్చే వాక్యాన్ని పునాదిలో పెట్టడం ఒక్కటే మీరు చేసిన తప్పు. ఇది చాలామంది చేసేదే. మెక్‌డెర్మాట్ 1982లో తన తర్కాన్ని బలపరచబోయి ఇలాంటి సూత్రాన్నే చేర్చారు. నమ్మేవాడికి తన నమ్మకాల గురించి అంతా తెలిసే ఎస్5 అనే పద్ధతి దాకా వెళ్ళేసరికి ఆ తర్కం వెనక్కి తగ్గే గుణాన్నే పోగొట్టుకుని మామూలు ఎస్5 గా మిగిలిపోయింది. వదులుకోవలసింది ‘నమ్మితే నిజం’ అన్న సూత్రాన్నే అని మూర్ చూపించారు. ‘నమ్మితే, నమ్ముతున్నట్టు నమ్ముతాను’, ‘నమ్మకపోతే, నమ్మడం లేదని నమ్ముతాను’ అనే రెండు మాత్రం ఉంచారు.

ఇలా తన్ను తానే మోసుకునే నమ్మకాలను వడగట్టడానికి కర్ట్ కోనోలిగే 1988లో మరింత కఠినమైన విస్తరణలను నిర్వచించారు. ఆ వివరాలు మీకు ఇప్పుడు అక్కరలేదు, ఎందుకంటే మీరు వాడబోయే సాధనంలో ఆ వడపోత ముందే ఉంది. దాని సంగతి కిందికి వచ్చాక చెబుతాను.

ఆత్మవిశ్వాసం గురించి ఇంకొక్క మాట చెప్పకుండా ముందుకు పోలేను. 1955లో తర్కవేత్త మార్టిన్ హ్యూగో లోబ్ ఒక సిద్ధాంతం నిరూపించారు. అంకగణితాన్ని తనలో ఇముడ్చుకుని, తన నిరూపణల గురించి తానే మాట్లాడగల వ్యవస్థను తీసుకోండి. ‘ప నాలో నిరూపణ అయితే ప నిజం’ అనే వాక్యాన్ని అది నిరూపించగలిగితే, అది ప నే నిరూపించేస్తుంది. అంటే అలాంటి వ్యవస్థ తనకు చేతనైన నిరూపణల మీద మాత్రమే నమ్మకం ప్రకటించగలదు. ప్రతి వాక్యం మీదా ‘నేను నిరూపిస్తే అది నిజమే’ అని తనకు తాను పూచీ ఇచ్చుకుందంటే, అబద్ధాలతో సహా అన్నీ నిరూపిస్తుంది. ఇది స్వవిశ్వాస తర్కం కన్నా వేరైన రంగం, రెంటినీ ఒకటిగా చూడకండి. మీ నలభై నియమాల ప్రోగ్రాముకు లోబ్ సిద్ధాంతం నేరుగా తగలదు. అయినా రెండు చోట్లా అదే సూత్రం తిరగబడటం నన్ను ఎప్పుడూ ఆలోచనలో పడేస్తుంది.

మన నైయాయికులు ఇంకో వైపు నుంచి ఈ సమస్యను తాకారు. కుండను చూసిన జ్ఞానం తనను తానే తెలుసుకోదని, ‘నాకు కుండ తెలిసింది’ అనేది అనువ్యవసాయం అనే మరో జ్ఞానమని వారు అన్నారు. జ్ఞానం దీపంలా తన్ను తానే ప్రకాశింపజేసుకుంటుందని అద్వైతులు అన్నారు. ‘నమ్మితే, నమ్ముతున్నట్టు నమ్ముతాను’ అనే సూత్రాన్ని ఉచితంగా ఇచ్చేయాలా, అదనపు పని చేస్తేనే ఇవ్వాలా అన్నది నేటి పరిశోధకులకూ ఉన్న ప్రశ్నే. ఫిన్లాండ్ తత్వవేత్త యాకో హింటికా 1962లో జ్ఞానానికీ నమ్మకానికీ తర్కం కట్టినప్పటి నుంచి ఇది నలుగుతోంది. ఆ తర్కాల్లో నమ్మేవాడికి తన నమ్మకాల పర్యవసానాలన్నీ వెంటనే తెలిసిపోతాయి. మనుషులకు అది అసాధ్యం, పెద్ద ప్రోగ్రాములకూ అసాధ్యం. మీ ప్రోగ్రాము చిన్నది కాబట్టి ఆ సమస్యను పక్కన పెట్టవచ్చు.

ఇక నా పాత తప్పుకు మందు చెబుతాను. హెక్టర్ లెవెక్ 1990లో నమ్మకానికి తోడు ఇంకో గుర్తును తెచ్చారు. ‘నాకు ఇది తెలుసు’ అనడం వేరు, ‘నాకు తెలిసింది ఇంతే’ అనడం వేరు. తెలుగులో ఆ ‘ఇంతే’ అన్న ఒక్క మాటలో మొత్తం భావం ఉంది. ‘ఆకుమచ్చ తెలుసు, మొవ్వుకుళ్ళు తెలుసు’ అంటే ఇంకేమైనా తెలుసో లేదో చెప్పినట్టు కాదు. ‘ఇంతే’ అని చేరిస్తే, మూడో తెగులు గురించి నాకు తెలియదని కూడా అప్పుడే తేలిపోతుంది. ఒక వాక్యానికి ‘ఇంతే’ చేరిస్తే వచ్చే నమ్మకాల స్థితులు సరిగ్గా మూర్ చెప్పిన స్థిర విస్తరణలే అని లెవెక్ నిరూపించారు. అంటే తన చుట్టూ తానే తిరిగే ఆ నిర్వచనం అంతా ఒక్క ‘ఇంతే’లో ఒదిగిపోయింది. నాకు ఈ ఫలితం ఎంతో ఇష్టం.

అయితే మెలకువ ఇక్కడే కావాలి. ‘నాకు తెలిసింది ఇంతే’ అన్నది ప్రోగ్రాము గురించిన మాట. ‘ఉన్నది ఇంతే’ అన్నది పొలం గురించిన మాట. మొదటిది ఎప్పుడూ చెప్పవచ్చు. రెండోది చెప్పడానికి యోగ్యత కావాలి. 2000లో మేము మొదటిదాన్ని రెండోదిగా చలామణి చేశాం. అనంతపురం బస్టాండులో బోర్డు మీద లేని బస్సు లేదనే అనుకుంటాం, ఎందుకంటే ఆ బోర్డు అన్ని బస్సులూ రాసేందుకే పెట్టారు. 1978లో రైటర్ క్లోజ్డ్ వరల్డ్ అని పేరు పెట్టింది ఈ రకం సమాచారానికే. తెగుళ్ళ జాబితా బస్టాండు బోర్డు లాంటిది కాదు.

ఆచరణకు వస్తే, మీరు స్వవిశ్వాస తర్కాన్ని ఉన్నదున్నట్టు కంప్యూటర్ మీద ఎక్కించబోకండి. సాధారణ రూపంలో, స్థిర విస్తరణ ఉందో లేదో తేల్చడమే ఎన్‌పీ సమస్యల (జవాబు చేతికిస్తే త్వరగా సరిచూడగల లెక్కల) కన్నా ఇంకో మెట్టు పైనుండే లెక్క. దీన్ని గేయార్గ్ గోట్‌లోబ్ 1992లో చూపించారు. దాని బదులు, నియమాలు రాసిస్తే వాటికి సరిపడే సమితులను వెతికిపెట్టే ఆన్సర్ సెట్ ప్రోగ్రామింగ్ వాడండి. 1988లో మైకేల్ గెల్ఫాండ్, వ్లాదిమీర్ లిఫ్‌షిట్స్ ఇచ్చిన స్టేబుల్ మోడల్ అనే భావన దీనికి పునాది. నియమాల్లో వచ్చే ‘నాట్ ప’ను ‘¬న(ప)’గా చదవాలని గెల్ఫాండ్ అంతకు ముందే చూపించారు. ఇందులో నమ్మకం తన్ను తానే మోసుకోలేదు: ‘ప అయితే ప’ అని రాస్తే ప రాదు. పైన నేను చెప్పిన వడపోత ఇదే. దీన్ని నడిపే సాధనం, జర్మనీలోని పోట్స్‌డామ్ విశ్వవిద్యాలయం వారి క్లింగో, ఉచితంగా దొరుకుతుంది, మామూలు ల్యాప్‌టాప్ మీద చక్కగా నడుస్తుంది.

ఆ భాషలో రెండు రకాల ‘కాదు’లు ఉన్నాయి. వాటి తేడా పట్టుకుంటే సగం పని అయినట్టే. ‘నాట్ ప’ అంటే ప అని తెలియదు. ముందు చిన్న గీత పెట్టి ‘-ప’ అంటే ప కాదని తెలుసు. గుంతకల్లు దగ్గర గేటు లేని రైలు పట్టాలు దాటుతున్నారనుకోండి. ‘రైలు వస్తున్నట్టు తెలియకపోతే దాటు’ అన్నది మొదటి రకం నియమం. కళ్ళు మూసుకున్నవాడికి కూడా ఇది దాటమనే చెబుతుంది. ‘రైలు రావడం లేదని తెలిస్తే దాటు’ అన్నది రెండో రకం. అటూ ఇటూ చూసినవాడికే ఇది అనుమతి ఇస్తుంది. ఈ పట్టాల ఉదాహరణ ఈ రంగంలో పాతదే, రెండు రకాల ‘కాదు’లను ఒకే భాషలోకి తెచ్చినప్పుడు గెల్ఫాండ్, లిఫ్‌షిట్స్ దీన్నే వాడారు. పురుగుమందు కొట్టమనే నియమాలు, పైరు బాగుందనే నియమాలు రెండో రకంలో రాయండి. ఇంకో ప్రశ్న అడగమనే నియమాలకు మొదటి రకం చాలు, ఎందుకంటే అడగడం వల్ల పోయేది ఏమీ లేదు.

కాబట్టి మీ మొదటి నియమాన్ని మూడు ముక్కలుగా విడదీయండి. ఒక తెగులు లక్షణాలన్నీ రైతును అడిగి, ఒక్కటీ లేదని జవాబు వస్తే, ఆ తెగులు లేదు. ఇక్కడ యోగ్యత ఉంది, జేబు తిరగేసి చూశాం. ఏ లక్షణమైనా అడగకుండా మిగిలితే, ఆ తెగులు సంగతి తెలియదు, అడగాలి. అన్ని తెగుళ్ళూ లేవని తేలినా మొక్క వాడిపోతూ ఉంటే, ‘నా జాబితాలో లేని తెగులు కావచ్చు, కదిరి పరిశోధన స్థానానికి మొక్క తీసుకెళ్ళి చూపించండి’ అని చెప్పాలి. ఈ మూడో ముక్క మా ప్రోగ్రాములో లేదు. ఉండి ఉంటే అది 2000లో ఏ తెగులో చెప్పలేకపోయేది, కానీ తప్పు పేరు చెప్పేది కాదు.

చాట్‌జీపీటీ లాంటి పెద్ద భాషా నమూనాలు వచ్చాక ఇవన్నీ ఎందుకని మీ గైడు అడిగారని రాశారు. ఆ నమూనాలు ‘నాకు తెలియదు’ అని చక్కటి తెలుగులో రాయగలవు. కానీ ఆ వాక్యం తన నమ్మకాల సమితిని వెతికి, అందులో లేదని తేల్చుకుని రాసినది కాదు. మీ క్లింగో ప్రోగ్రాము ‘తెలియదు’ అంటే, ఏ నియమం ఎందుకు పని చేయలేదో వరుసగా చూపించగలదు. రైతు చేతిలో పెట్టుబడి ఉన్నప్పుడు ఆ రెండో రకం ‘తెలియదు’ కావాలి. రైతు మాట్లాడే భాషను లక్షణాలుగా మార్చడానికి భాషా నమూనాను వాడుకోండి, తీర్పు మాత్రం నియమాలకు వదలండి.

మీరు పంపిన ప్రశ్నల జాబితా రెండుసార్లు చదివాను. మొవ్వుకుళ్ళుకూ కాండం కుళ్ళుకూ మధ్య ప్రోగ్రాముకు రెండు విస్తరణలు రావడం ఖాయం, అప్పుడు అడగడానికి అందులో ఒక్క ప్రశ్న కూడా లేదు. పొలం గట్టు మీద, చుట్టుపక్కల బీడు నేలల్లో వయ్యారిభామ పూత మీద ఉందా అని అడగండి. అదొక్కటే రోగాన్ని తేల్చదు, కానీ ఆ రెండింటిలో ఏ వైపు మొగ్గాలో చెబుతుంది. ముందు ఆ ప్రశ్న చేర్చి, రెండో నియమం తీసేసి, ప్రోగ్రామును మళ్ళీ నడిపి ఎన్ని విస్తరణలు వచ్చాయో రాయండి.